మండికల్ చలిలో పాత ట్రాక్టరు: తప్పు చలిదా, బండిదా?

పాత ట్రాక్టరు పొద్దున్నే స్టార్టు కావడం లేదన్న మాట చిక్కబళ్ళాపురం జిల్లా మండికల్ హోబళిలో ఏటా అనపకాయల కాలంతోపాటే మొదలవుతుంది. మంచు కురవడం మొదలైందంటే మెకానిక్కుల ఫోన్లు తెల్లవారకముందే మోగుతాయి. రైతుకు తొందర కూడా ఆ వేళలోనే. టమోటా బాక్సులు చింతామణి మార్కెట్టుకు, పూలు చిక్కబళ్ళాపురానికి, పట్టుగూళ్ళు శిడ్లఘట్టకు పొద్దున్నే చేరాలి. ద్రాక్షతోటకు మందు కొట్టాలన్నా గాలి లేవకముందే కొట్టాలి. రాగి కోతలై నూర్పిళ్ళు సాగేదీ ఈ నెలల్లోనే. ఇంత పనినీ ముప్పై, నలభై ఏళ్ళ నాటి బండి మీదే పెట్టుకున్న ఇళ్ళు బాగేపల్లి నుంచి చింతామణి దాకా కనిపిస్తాయి. కొత్తది కొనాలంటే లక్షల్లో అప్పు చేయాలి. పాతదానికి కంతులు కట్టే పని లేదు, దాని ప్రతి బోల్టూ ఊళ్ళో ఎవరో ఒకరికి తెలుసు. కాబట్టి దాన్ని ఎలా నిలబెట్టుకోవాలన్నది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు.

బండి మొరాయించిన ప్రతిసారీ నింద చలి మీదికే పోతుంది. ‘చలికి ఇంజన్ బిగుసుకుపోయింది’ అనేది అందరూ చెప్పే కారణం. అది సగం కూడా నిజం కాదని ఈ వ్యాసం వాదన. మన సీమ చలి బాగున్న డీజిల్ ఇంజన్ను ఆపేంత చలి కాదు. బండిలో ముందునుంచీ ఉన్న లోపాన్ని, ఎండాకాలమంతా దాగిన లోపాన్ని, అది బయటపెడుతుంది. ఈ తేడా తెలియకపోతే రైతు డబ్బు తప్పుడు చోట ఖర్చవుతుంది. కొన్నిసార్లు ప్రాణమే పోతుంది.

ముందు చలి సంగతి చూద్దాం. చిక్కబళ్ళాపురం ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే నందికొండ 1,478 మీటర్లు. అందుకే కోస్తా వాళ్ళకు తెలియని చలి మనకు తెలుసు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పన్నెండు, పదిహేను డిగ్రీలు మామూలు, కొన్ని రోజులు పదికి దగ్గరగా దిగుతుంది. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి 13న. అంటే నూట నలభై ఏళ్ళలో కూడా ఈ పీఠభూమి మీద నీళ్ళు గడ్డకట్టే చలి రాలేదు. విశాఖ మన్యంలో లంబసింగి, తెలంగాణలో ఆదిలాబాద్ మనకంటే చల్లని చోట్లు. ఇక లడఖ్‌లో శీతాకాలం మామూలు డీజిలు పేరుకుపోతుంది కనుక, మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిలును ఇండియన్ ఆయిల్ 2019లో అక్కడికి పంపడం మొదలుపెట్టింది. మన దేశపు ప్రమాణాల ప్రకారం శీతాకాలపు మామూలు డీజిలు 3 డిగ్రీల దాకా పారుతూ ఉండాలి, వేసవి రకానికి ఆ హద్దు 15 డిగ్రీలు. కాబట్టి బంకులో ఇప్పుడు కొన్న డీజిలు మండికల్‌లో గడ్డకట్టిందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. ఏప్రిల్లో కొని పీపాలో నిలవ ఉంచిన డీజిలును మాత్రం జనవరి దాకా దాచుకోకపోవడం మేలు.

అయితే పన్నెండు డిగ్రీల చలి ఏమీ చేయదా అంటే, చేస్తుంది. ఎంత చేస్తుందో లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. డీజిల్ ఇంజనుకు పెట్రోలు బండిలాగా నిప్పురవ్వ ఉండదు. పిస్టను గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి కాగుతుంది, అందులోకి నాజిలు డీజిలును పొగమంచులా చిమ్మితే అంటుకుంటుంది. పదిహేడో వంతుకు నొక్కే ఇంజనులో, బయట 30 డిగ్రీలున్నప్పుడు, లోపలి గాలి ఇంచుమించు 435 డిగ్రీలకు కాగుతుందనుకుందాం. బయట 12 డిగ్రీలే ఉంటే అది 395 దాకా వస్తుంది. చలి తిన్నది నలభై డిగ్రీలు. ఇప్పుడు అదే చలి పొద్దున సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందనుకోండి, రింగులు కాస్త అరిగాయనుకోండి. నొక్కిన గాలి పక్కనుంచి జారిపోతుంది, వేడి సిలిండరు గోడలకు ఇంకిపోతుంది. అప్పుడు లోపల మూడు వందల పైచిలుకు డిగ్రీలే మిగులుతాయి. డీజిలు తనంతట అంటుకోవడానికి 210 నుంచి 250 డిగ్రీలు చాలని పుస్తకాల్లో ఉంటుంది గానీ, రెప్పపాటు కంటే చాలా తక్కువ వ్యవధిలో అంటుకోవాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. చలి నలభై తింటే, నీరసపు సెల్ఫూ అరిగిన రింగులూ కలిసి తొంభై తిన్నాయి. ఇది ఇంచుమించు లెక్కే. అయినా ఎవరి వాటా ఎంతో తెలుసుకోవడానికి చాలు.

అందుకే ఈ వ్యవహారంలో మొదట చూడవలసింది బ్యాటరీ, దాని తీగలు. చల్లబడ్డ బ్యాటరీ పన్నెండు డిగ్రీల్లో తన శక్తిలో పది, పదిహేను శాతం పోగొట్టుకుంటుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిలు చిక్కబడుతుంది. పాత అలవాటు కొద్దీ 40 నంబరు ఆయిలు పోసే బండ్లలో, 30 డిగ్రీల్లో ఉన్న చిక్కదనానికి 12 డిగ్రీల్లో మూడు, నాలుగు రెట్లు అవుతుంది. బలం తగ్గింది, బరువు పెరిగింది. అయినా మంచి బ్యాటరీకి ఇదొక భారం కాదు. అసలు దొంగ చాలా బండ్లలో టర్మినలు దగ్గర, ఎర్తు కేబులు దగ్గర ఉంటాడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు తీగల్లో వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. టర్మినలు మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న తుప్పు ఒక ఓములో నూరో వంతు అడ్డం పెట్టినా చాలు, 200 ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులు అక్కడే కరిగిపోతాయి. పన్నెండు వోల్టుల బ్యాటరీ కొత్తదే అయినా సెల్ఫ్‌కు చేరేది పది. దీన్ని కనుక్కోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. సెల్ఫ్ ఐదారు సెకన్లు కొట్టి, ఆపి, కేబులు చివరలను చేత్తో తాకితే వేడెక్కిన చోటే లోపం. వేడి నీళ్ళతో తుప్పు కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూస్తే ఖర్చు దాదాపు సున్నా. ఎర్తు కేబులు ఛాసిసుకు బిగించిన చోట రంగు, మట్టి, గ్రీజు పొరలుగా ఉంటాయి. అక్కడ ఇనుము మెరిసేదాకా గీకాలి. కొత్త బ్యాటరీ కొన్న తర్వాత కూడా బండి స్టార్టు కాకపోతే తుప్పును అలాగే వదిలి కొత్త బ్యాటరీ పెట్టారేమో మొదట చూడాలి.

బ్యాటరీని కొలవాలనుకుంటే, రాత్రంతా కదలకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ అలసిపోయింది, లేదా డైనమో సరిగా ఎక్కించడం లేదు. ఇంకొక చిన్న పని కూడా ఉంది, దాన్ని తెలిసినవాళ్ళు కూడా మరిచిపోతారు. స్టార్టు చేసేటప్పుడు క్లచ్చు పూర్తిగా తొక్కిపెట్టాలి. గేరుబాక్సులో 90, 140 నంబరు చిక్కటి ఆయిలు ఉంటుంది. క్లచ్చు తొక్కకపోతే సెల్ఫ్ ఆ ఆయిలును కూడా కలుపుతూ తిరగాలి. సెల్ఫ్ ఒక్కసారికి పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో నిమిషం ఆగాలి. ఆ విరామంలో బ్యాటరీ కొంత తేరుకుంటుంది, సెల్ఫ్ కాలిపోదు.

ఇప్పుడు పొగ సంగతి. సెల్ఫ్ తిరుగుతుంటే సైలెన్సరు నుంచి తెల్ల పొగ వస్తోందా, ఏ పొగా రావడం లేదా అన్నది మొదట చూడాలి. తెల్లటి, కళ్ళు మండించే పొగ వస్తుంటే డీజిలు లోపలికి వెళ్తోంది, అంటుకోవడం లేదు. అంటే వేడి చాలడం లేదు, సెల్ఫ్ నీరసమో, కంప్రెషను తగ్గడమో, హీటరు పాడవడమో చూడాలి. పొగే లేకపోతే డీజిలు లోపలికి పోవడం లేదు. అక్కడ హీటరును, బ్యాటరీని తిట్టడం దండగ. ఆపే నాబు లోపలికి పూర్తిగా పోకుండా తీగ ఇరుక్కుని ఉండవచ్చు, ట్యాంకు కుళాయి మూసి ఉండవచ్చు, ఫిల్టరు మూసుకుని ఉండవచ్చు, పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు. ఈ ఒక్క గుర్తు తెలిస్తే రోగం ఏ వైపున ఉందో నిమిషంలో తెలుస్తుంది. మెకానిక్కు ఫోను చేసేటప్పుడు ఈ మాట చెబితే ఆయన ఏ సామాను తీసుకొని బయల్దేరాలో కూడా తెలుస్తుంది.

గాలి చేరడం పాత బండ్లలో అతి మామూలు జబ్బు. పగలు నడిచిన ఇంజన్ను ఆపితే, రాత్రి చల్లబడేకొద్దీ లైన్లలో డీజిలు కుంచించుకుంటుంది. ఎండిపోయిన వాషరు, పగిలిన రబ్బరు పైపు, సరిగా బిగించని ఫిల్టరు గిన్నె దగ్గర గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది, డీజిలు ట్యాంకులోకి వెనక్కి జారుతుంది. అందుకే రాత్రి నిలిపిన బండి పొద్దున కదలదు, మధ్యాహ్నం ఆపి తీస్తే వెంటనే అందుకుంటుంది. దీన్ని చలి మీదికి నెట్టడం తేలిక. ఫీడ్ పంపు చేతి మీటతో డీజిలు కొట్టి, ఫిల్టరు పైనున్న గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నిండైన డీజిలు కారేదాకా చూసి బిగించడం ఊళ్ళో పిల్లలకు కూడా వచ్చు. దాన్ని ప్రతి పొద్దునా చేయవలసి వస్తోందంటే మాత్రం గాలి దూరే చోటు వెతకాలి. అనుమానించిన జాయింటుకు సబ్బునీళ్ళు పూసి చేతి మీటతో పంపు కొడితే, ఒత్తిడి ఉండే వైపున లీకు బుడగగా బయటపడుతుంది. రెండు వాషర్ల ధరకు తీరే సమస్య ఇది. నీళ్ళు కూడా ఇలాంటివే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి లోపలి గాలిలోని తడి గోడలకు పట్టి కిందికి దిగుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి ఉంచితే ఆ అవకాశం తగ్గుతుంది. ఫిల్టరు అడుగున ఉన్న మురికి నీళ్ళు వారానికోసారి వదలడం మంచి అలవాటు.

హీటర్ల విషయానికి వస్తే, ఏ బండి దగ్గర కూర్చున్నామో చూడాలి. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్‌తో మొదలైంది. అది గాలితో చల్లబడే జర్మన్ ఇంజను, రేడియేటరే లేదు. 1960లో చెన్నైలో టాఫే పుట్టింది. అక్కడి మాసీ ఫెర్గూసన్ బండ్లకు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ పద్ధతిలో ఇంజన్లు ఇచ్చింది. 1963లో మహీంద్రా ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బి-275ను తెచ్చింది. 1971లో పింజోర్‌లో హెచ్‌ఎంటీ చెకొస్లొవాకియా జెటర్ను, 1974లో పంజాబ్ ట్రాక్టర్స్ పూర్తిగా మనవాళ్ళే రూపొందించిన స్వరాజ్‌ను తెచ్చాయి. పొలాల్లో ఇప్పటికీ తిరుగుతున్న పాత బండ్లలో ఎక్కువ ఈ కుటుంబాల పిల్లలే.

ఇంగ్లండులో రూపొందిన బి-275 మొదటి ఇంజన్లలో డీజిలు ముందు ఒక చిన్న గదిలో మండి తర్వాత సిలిండరులోకి వస్తుంది. ఆ గది గోడలు వేడిని తాగేస్తాయి కనుక దానికి హీటరు ప్లగ్గులు తప్పనిసరి. కొన్ని పాత ఏర్పాట్లలో ఈ ప్లగ్గులన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి, ఒకటి కాలిపోతే అన్నీ చల్లబడతాయి. తాళం తిప్పగానే లైటు వెలిగింది కదా అని నమ్మడానికి లేదు. పెర్కిన్స్ రకపు ఇంజన్లలో వేరే ఏర్పాటు ఉంది. గాలి వెళ్ళే మానిఫోల్డు మీద ఒక తీగచుట్ట, దానికి డీజిలు చుక్కలుగా పడే సన్నటి పైపు ఉంటాయి. తాళాన్ని హీటు స్థానంలో పదిహేను, ఇరవై సెకన్లు పట్టి ఉంచితే చుట్ట ఎర్రగా కాలుతుంది, చుక్కలు అంటుకుంటాయి, లోపలికి వెళ్ళే గాలి మంటతో వేడెక్కుతుంది. పాత బండ్లలో చాలావాటికి ఈ తీగ ఊడిపోయి, పైపు మూతపడి ఉంటుంది. ఎవరో ఎప్పుడో ‘ఇక్కడి చలికి ఇది అక్కర్లేదు’ అని తీసేశారు. ఇంజను కొత్తగా ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజమే. డీజిలు నేరుగా సిలిండరులో మండే ఇంజను ఆరోగ్యంగా ఉంటే పన్నెండు డిగ్రీల్లో హీటరు లేకుండానే పట్టుకుంటుంది. ముసలి ఇంజనుకు మాత్రం ఆ కొద్ది వేడి నిజమైన ఆసరా. పని చేయని హీటరును బాగుచేయించడం ఈథరు స్ప్రే సీసా కొట్టే అలవాటు కంటే ఎంతో చౌక.

చలిదేశాల వాళ్ళు ఈ సమస్యతో వందేళ్ళుగా పెనుగులాడారు. జర్మనీలో 1921లో వచ్చిన ట్రాక్టరు లాంజ్ బుల్‌డాగ్‌కు ముందు ముక్కు దగ్గర బ్లోల్యాంపుతో ఇనుప గుండును ఎర్రగా కాల్చి, తర్వాత చక్రం తిప్పేవాళ్ళు. ఇంగ్లండు ట్రాక్టరు ఫీల్డ్ మార్షల్‌ను తుపాకీ తూటాలాంటి మందుగుండుతో పేల్చి తిప్పేవాళ్ళు. పెద్ద క్యాటర్‌పిల్లర్లకు పక్కనే చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. దాన్ని మొదట లేపితే అది పెద్దదాన్ని తిప్పి, నీళ్ళను కాస్త వేడిచేసేది. కెనడాలో ఇప్పటికీ రాత్రంతా కరెంటు హీటరు ఇంజను బ్లాకులో పెట్టి ఉంచుతారు. ఇంతమంది ఇన్ని దారులు వెతికినా, సారమంతా ఒకటే: వేగంగా తిప్పడం, కాస్త వేడి అందించడం. మన పంపుసెట్టు ఇంజన్లలో ఉండే డికంప్రెషన్ మీట కూడా ఆ తర్కంతోనే పెట్టింది. వాల్వు తెరిచి ఉంచి ఫ్లైవీలును తేలిగ్గా వేగం అందుకునేలా తిప్పి, మీట వదిలేస్తే ఆ ఊపుకు ఇంజను పట్టుకుంటుంది.

చిట్కాలను కూడా ఒక్కొక్కటిగా తూచి చూడాలి. రేడియేటరు ఉన్న బండికి వేడి నీళ్ళు పోయడం పనిచేస్తుంది. పాత చల్లని నీళ్ళు వదిలేసి, మరిగేవి కాకుండా చెయ్యి పట్టలేనంత వేడివి నెమ్మదిగా పోసి, పది నిమిషాలు ఆగాలి. మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే బ్లాకు, హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. రాత్రి ఆయిల్ చాంబరు కింద 100 వాట్ల బల్బు వేలాడదీసి పైన గోనె కప్పే పద్ధతి కూడా మంచిదే, బల్బుకు గోనె తగలకుండా, కింద డీజిలు కారకుండా చూసుకుంటేనే. ఆయిల్ చాంబరు కింద గడ్డి మంట వేయడం మాత్రం వద్దు. పాత బండి కింద ఎప్పుడూ ఆయిలు, డీజిలు జిడ్డు ఉంటుంది, రబ్బరు పైపులు, ఊడిన వైర్లు ఉంటాయి. ఒక పొద్దు ఆలస్యమైతే అయ్యే నష్టం బండి తగలబడితే అయ్యే నష్టంతో పోల్చదగింది కాదు.

గాలి మూతి దగ్గర పెట్రోలు తడిపిన గుడ్డ పట్టుకోవడం చాలా చోట్ల చూస్తాం. పెట్రోలు గుణం డీజిలుకు తలకిందులు. నొక్కుడుకు తనంతట అంటుకోకపోవడమే పెట్రోలులో గొప్ప, నొక్కుడుకు అంటుకోవడమే డీజిలులో గొప్ప. అందువల్ల డీజిల్ ఇంజనుకు పెట్రోలు సాయం కాదు, చేతులు కాలడానికి దారి. ఈథరు కలిసిన స్ప్రే సీసా మరో రకం ముప్పు. ఈథరు 160, 180 డిగ్రీలకే అంటుకుంటుంది. పిస్టను పైకి ఇంకా వస్తుండగానే పేలి, దాన్ని వెనక్కి తంతుంది. రింగులు విరగడం, కనెక్టింగ్ రాడ్డు వంగడం అక్కడ మొదలవుతాయి. హీటరు ఎర్రగా కాలుతుండగా కొడితే మానిఫోల్డులోనే పేలుతుంది. ఒకసారి అలవాటైన బండికి రోజూ కావాల్సి వస్తుందన్న మాట ఊరికే పుట్టింది కాదు. ప్రతి పేలుడుకూ కాస్త కంప్రెషను పోతుంది, మర్నాడు సీసా మరింత అవసరం అవుతుంది.

దిబ్బ మీద నిలిపి, టైరు కింద రాయి పెట్టి, పొద్దున రాయి తీసి జార్చడం ఇక్కడ వాడుకలో ఉన్న పద్ధతి. సెల్ఫ్ పాడైతే ఒక రోజుకు తప్పదేమో గానీ, దాన్ని నెలల తరబడి సాగిస్తే ఒక రాత్రి రాయి జారుతుంది. ఇంటి ముందు పిల్లలు ఆడుకునే చోట ఇది ఒప్పుకోదగ్గది కాదు. ఇంకో ట్రాక్టరుతో కట్టి లాగేటప్పుడు తాడు, గొలుసు తెగి కొరడాలా వెనక్కి కొడుతుంది, ఆ వరసలో మనుషులు నిలబడకూడదు.

వీటన్నిటి కంటే ప్రాణాంతకమైనది ఇంకొకటి. తాళం పనిచేయనప్పుడు కింద నిలబడి సెల్ఫ్ సోలినాయిడ్ టర్మినళ్ళ మధ్య స్క్రూడ్రైవరు ఆనించి బండి లేపడం. వెనక చక్రానికి ముందు, బండి పక్కన నిలబడి చేసే పని ఇది. గేరు న్యూట్రల్‌లో లేకపోతే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. తిరుగుతున్న పెద్ద చక్రం నిలబడిన మనిషి మీదికే వస్తుంది. తప్పుకోవడానికి సమయం ఉండదు. ప్రపంచమంతటా ట్రాక్టరు చావుల్లో ఇది తెలిసిన కారణం. పాత బండ్లలో చాలావాటికి, గేరులో ఉంటే స్టార్టు కానివ్వని న్యూట్రల్ స్విచ్చే లేదు, ఉన్నవాటిలో వైరు తీసి కలిపేసి ఉంటారు. చలి పొద్దున మార్కెట్టుకు ఆలస్యమవుతోందన్న ఆత్రంలో గేరు ఒకసారి చూసుకోవాలన్న ధ్యాస తప్పిపోతుంది. తాళం స్విచ్చు, సోలినాయిడు వైరు బాగుచేయడానికి అయ్యే ఖర్చు వందల్లో ఉంటుంది. ఆ పని చేయించకుండా స్క్రూడ్రైవరుతో నెట్టుకొచ్చే ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు గట్టిగా చెప్పాలి, బండి ఎక్కకుండా దాన్ని స్టార్టు చేయకూడదని.

స్టార్టయిన తర్వాత చేసే తప్పులు కూడా ఉన్నాయి. వెంటనే రేసు ఇచ్చి ట్రైలరు లాగితే, ఆయిలు ఇంకా బేరింగులకు చేరకముందే భారం పడుతుంది. అరగంట ఐడిలింగులో వదిలేస్తే చల్లని సిలిండరులో సగం కాలిన డీజిలు గోడల మీది ఆయిలును కడిగేసి, చాంబరులోకి దిగి ఆయిలును పలుచబరుస్తుంది. మూడు నాలుగు నిమిషాలు తక్కువ వేగంలో ఉంచి, తర్వాత తేలిక పనితో కదిలించి, నీళ్ళు వెచ్చబడ్డాక పూర్తి భారం వేయడం మధ్యే మార్గం.

ఇవన్నీ సరిగా ఉండి, సెల్ఫ్ చురుగ్గా తిరిగి, తెల్ల పొగ వస్తూ, అయినా బండి పట్టుకోకపోతే అప్పుడు కంప్రెషను దగ్గరికి రావాలి. అక్కడ కూడా పెద్ద ఖర్చుకు దూకనక్కర్లేదు. వాల్వుల సందు బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం చలి పొద్దుల్లో బయటపడుతుంది. దాన్ని సరిచేయడం గంట పని. నాజిళ్ళు చిమ్మడం మానేసి కారుస్తుంటే వాటిని పరీక్ష బెంచి మీద చూపించాలి. ఆ తర్వాత కంప్రెషన్ గేజితో సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చి, అన్నీ పడిపోతే లైనర్లు, పిస్టన్లు, రింగుల గురించి ఆలోచించాలి. అది మొత్తం విప్పే పని, వేల రూపాయలు, బండి కనీసం వారం మూలన పడటం. రాగి నూర్పిళ్ళు పూర్తయి, టమోటా రవాణా కాస్త తగ్గి, వేసవి దుక్కులకు ఇంకా వ్యవధి ఉండే ఫిబ్రవరి చివర దానికి అనువైన వేళ. అప్పటిదాకా మెకానిక్కు చేత టర్మినళ్ళు, ఎర్తు, ఫిల్టరు వాషర్లు, హీటరు, న్యూట్రల్ స్విచ్చు ఒకే రోజు చూపించుకుంటే ఈ చలికాలం మిగతా పొద్దులు గడుస్తాయి.